ఫిక్స్ చదివే ముందు బగ్‌ని పుట్టించండి

రివ్యూ చేయమని మీకొక ఫిక్స్ వచ్చింది. మార్పు చూస్తే పన్నెండు లైన్లు. టెస్టులన్నీ పాసయ్యాయి. రాసినాయన మీకంటే సీనియర్. పైనుంచి కిందికి ఒకసారి చదివారు, ఎక్కడా తేడాగా అనిపించలేదు. అప్రూవ్ నొక్కడానికి ఇంకేం కావాలి?

ఇంకా చాలా కావాలి. కొత్త ఫీచర్ రివ్యూ ఒక పని, బగ్ ఫిక్స్ రివ్యూ ఇంకో పని. ఆ తేడాని మనకెవరూ విడిగా నేర్పరు. బగ్ ఫిక్స్ పంపినవారు మన ముందు రెండు విషయాలు పెడుతున్నారు. ఫలానా కారణం వల్ల చెడింది అనేది ఒకటి. ఈ మార్పుతో బాగవుతుంది అనేది రెండోది. డిఫ్‌లో కనిపించేది ఆ రెండోదే. మొదటిది తప్పయితే రెండోది ఎంత శుభ్రంగా రాసినా వృథా. ఇక్కడ మాయమైన లక్షణం ఆర్నెల్ల తర్వాత మరో చోట తేలుతుంది. అందుకని ఈ అధ్యాయంలో నేనిచ్చే సలహా ఒక్కటే: ఫిక్స్ తెరవడానికి ముందు ఆ బగ్‌ని మీ మెషీన్ మీద, మీ చేతులతో పుట్టించండి. అది చేసేదాకా ఆ ఫిక్స్ గురించి మంచీ చెడూ చెప్పే హక్కు మీకింకా రాలేదనుకోండి.

ఉత్త మాటలతో ఇది ఒంటబట్టదు. ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. వెర్షన్ కంట్రోల్ సాధనంలో బ్రాంచీల వ్యవహారం చూసే భాగాన్ని ఎంచుకుంటున్నాను, అందులోనూ గిట్ పద్ధతిని. లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో లినక్స్ కెర్నెల్ కోసం గిట్‌ని మొదలుపెట్టారు. అదే ఏడాది జులై నుంచి జూనియో హమానో దాని నిర్వహణ చూసుకుంటున్నారు. హైటెక్ సిటీలో ఉన్నా డల్లాస్‌లో ఉన్నా మన ప్రోగ్రామర్లలో చాలామందికి అది రోజూ చేతిలో ఉండే పనిముట్టు. పైగా దాని కోడ్ ఎవరైనా తెరిచి చూడొచ్చు. కాబట్టి నేనిక్కడ చెప్పేది నమ్మక్కర్లేదు, చేసి చూసుకోండి.

బ్రాంచ్ అనగానే చీలిపోతున్న గీతల బొమ్మ మనసులో మెదులుతుంది. డిస్క్ మీద చూస్తే అది చాలా చిన్న సంగతి. డాట్‌గిట్ ఫోల్డర్‌లో రెఫ్స్ అని ఒకటి, దాని లోపల హెడ్స్ అని ఇంకొకటి, అందులో మీ బ్రాంచ్ పేరుతో ఒక ఫైల్. తెరిస్తే నలభై అక్షరాల కమిట్ గుర్తు, చివర కొత్త లైను. మొత్తం 41 బైట్లు. బ్రాంచ్ అంటే అంతే.

ఇంతవరకు చాలామందికి తెలుసు. చిక్కు దీని తర్వాత మొదలవుతుంది. బ్రాంచీలు, ట్యాగులు వేలల్లోకి వెళ్తే ఒక్కోదానికి ఒక్కో ఫైల్ తెరవడం భారం. అందుకని గిట్ వాటిని ప్యాక్డ్-రెఫ్స్ అనే ఒకే ఫైల్‌లోకి సర్దుతుంది. మనం అడగక్కర్లేదు, గార్బేజ్ కలెక్షన్ నడిచినప్పుడు ఈ సర్దుడూ జరిగిపోతుంది. ఆ తర్వాత బ్రాంచ్ ముందుకు కదిలితే దానికి మళ్లీ విడి ఫైల్ పుడుతుంది. ప్యాక్డ్-రెఫ్స్‌లో మాత్రం పాత విలువ అలాగే ఉండిపోతుంది. రెండూ ఉన్నప్పుడు విడి ఫైల్ మాటే చెల్లుతుంది.

పాతకాలం కొట్లలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. ఏ రోజు లావాదేవీ ఆ రోజు చిట్టాలో పడేది. తీరిక చూసుకుని దాన్ని ఆవర్జాకి ఎక్కించేవారు. ఎక్కించేలోపు ఎవరి బాకీ ఎంతని అడిగితే చిట్టా చూసే చెప్పాలి, ఆవర్జాలో ఉన్నది పాత లెక్క. ఇప్పుడు ఒక మనిషి ఖాతా పూర్తిగా మూసేయాలి. చిట్టాలో కొట్టేసి ఆవర్జా సంగతి మరిచిపోతే, ఎప్పుడో తీర్చేసిన బాకీ మళ్లీ లేచి కూర్చుంటుంది.

మనం రివ్యూ చేయబోయే బగ్ అదే. గిట్ లాగే విడి ఫైలూ ప్యాక్డ్ ఫైలూ వాడే ఒక సాధనం మీ టీమ్ రాస్తోందనుకుందాం. ఒక వాడకందారు నుంచి ఫిర్యాదు వచ్చింది: "బ్రాంచ్ డిలీట్ చేశాను. మళ్లీ కనిపిస్తోంది, అదీ ఎప్పటిదో పాత కమిట్ దగ్గర. అప్పుడప్పుడు మాత్రమే ఇలా జరుగుతోంది."

"అప్పుడప్పుడు" అని కనబడిన చోట ఆగిపోండి. కంప్యూటర్ అప్పుడప్పుడు తప్పు చేయదు, ఒక స్థితిలో ఉన్నప్పుడు చేస్తుంది. ఆ స్థితి ఏమిటో కనిపెట్టడమే బగ్‌ని పుట్టించడంలో సగం పని. నిన్న మొదలుపెట్టిన రిపోజిటరీలో ఈ బగ్ రాదు, సర్దుడు ఇంకా జరగలేదు కాబట్టి. సర్దిన తర్వాత కదలని బ్రాంచ్‌ని డిలీట్ చేసినా ఈ ఫిర్యాదు రాదు. అప్పుడు కనిపించే విలువ పాతదిగా ఉండదు, డిలీట్ అసలు పనిచేయలేదనే ఫిర్యాదు వస్తుంది. సర్దాలి, ఆ తర్వాత కదలాలి, ఆ పైన డిలీట్ చేయాలి. మూడూ ఈ వరుసలోనే జరగాలి.

దీన్ని మామూలు గిట్ మీదే అనుభవంలోకి తెచ్చుకోవచ్చు. ఒక ఖాళీ ఫోల్డర్‌లో కొత్త రిపోజిటరీ పెట్టి ఒక కమిట్ చేయండి. "పాత" అని ఒక బ్రాంచ్ తీయండి. ప్యాక్-రెఫ్స్ కమాండ్‌ని ఆల్ ఆప్షన్‌తో నడపండి. హెడ్స్ ఫోల్డర్ ఖాళీ అవుతుంది, విలువలన్నీ ప్యాక్డ్-రెఫ్స్‌లోకి చేరతాయి. మరో కమిట్ చేసి, బ్రాంచ్ కమాండ్‌కి ఫోర్స్ ఆప్షన్ ఇచ్చి "పాత"ని ఆ కొత్త కమిట్ మీదికి జరపండి. విడి ఫైల్ మళ్లీ పుట్టింది చూడండి. ఇప్పుడు గిట్‌ని అడక్కుండా, మామూలు ఫైల్‌ని తీసేసినట్టే ఆ విడి ఫైల్‌ని తీసేసి, "పాత" ఎక్కడుందని రెవ్-పార్స్‌తో అడగండి. మొదటి కమిట్‌ని చూపిస్తుంది. మీరు తీసేసిన బ్రాంచ్, మీరు ఎప్పుడో వదిలేసి వచ్చిన చోట బతికే ఉంది.

ఈ చిన్న ప్రయోగం చేసినవారికి, చేయకుండా డిఫ్ చదివినవారికి మధ్య ఎంత తేడా వస్తుందో ఇప్పుడు చూడండి. మీ సీనియర్ పంపిన ఫిక్స్ ఇలా ఉంది: డిలీట్ ఫంక్షన్ ఇదివరకు విడి ఫైల్‌ని మాత్రమే తీసేసేది. ఇప్పుడు విడి ఫైల్‌ని తీసేశాక, ప్యాక్డ్ ఫైల్‌ని కూడా తిరిగి రాసి అందులో ఆ బ్రాంచ్ లైనును తొలగిస్తుంది. తోడుగా ఒక టెస్ట్ ఉంది. బ్రాంచ్ తీసి, సర్ది, కదిపి, డిలీట్ చేసి, ఇంక లేదని చూసుకుంటుంది. ఫిక్స్ లేకుండా ఆ టెస్ట్ ఫెయిలవుతుంది, ఉంటే పాసవుతుంది. అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. డిఫ్ మాత్రమే చదివినవారు ఇక్కడ అప్రూవ్ చేసేస్తారు, వారిని తప్పుపట్టడం కూడా కష్టం.

ప్రయోగం చేసిన మీరు మాత్రం ఒకటి కళ్లారా చూశారు. విడి ఫైల్ పోయి, ప్యాక్డ్ లైను ఇంకా ఉన్న ఆ క్షణం. మీరు పుట్టించిన బగ్ అచ్చంగా ఆ క్షణమే. ఈ ఫిక్స్ దాన్ని తొలగించలేదు, కురచ చేసింది. రెండు అడుగుల మధ్య ఇంకో ప్రాసెస్ వచ్చి బ్రాంచ్ ఎక్కడుందని అడిగితే పాత కమిటే జవాబు. ప్యాక్డ్ ఫైల్‌ని తిరిగి రాసేటప్పుడు డిస్క్ నిండిపోతే, లేదా ఆ ఫైల్ లాక్ మరో ప్రాసెస్ చేతిలో ఉంటే, రెండో అడుగు పడనే పడదు. అప్పుడు మొదటి ఫిర్యాదు ఉన్నది ఉన్నట్టుగా తిరిగొస్తుంది. ఈసారి ఇంకా అరుదుగా వస్తుంది కాబట్టి పట్టుకోవడం ఇంకా కష్టం.

దీనికి గిట్ చేసే పని చాలా సూటిగా ఉంటుంది. డిలీట్‌కి ముందు ప్యాక్డ్-రెఫ్స్ ఫైల్ మీద లాక్ తీసుకుంటుంది. అందులోని లైనును ముందు తొలగిస్తుంది. ఆ తర్వాతే విడి ఫైల్‌ని తీసేస్తుంది. రెండు అడుగుల మధ్య ఎవరైనా చూస్తే విడి ఫైల్ ఇంకా ఉంది, సరైన విలువే చెబుతుంది. మధ్యలో కరెంటు పోయినా బ్రాంచ్ చెక్కుచెదరకుండా ఉంటుంది. డిలీట్ జరగలేదంతే, మళ్లీ చేసుకోవచ్చు.

దీనికి జత అయిన పనిని కూడా ఒకసారి చూడండి, విషయం ఇంకా తేటపడుతుంది. సర్దేటప్పుడు గిట్ వరుస ఇది. ముందు ప్యాక్డ్ ఫైల్‌లో కొత్త విలువ రాసి, అది భద్రంగా చేరాకే విడి ఫైల్‌ని తీసేస్తుంది. తీసేముందు విలువ ఈలోపు మారలేదు కదా అని మళ్లీ చూసుకుంటుంది. డిలీట్‌లో ప్యాక్డ్‌లోంచి చెరపడం ముందు, సర్దుడులో ప్యాక్డ్‌లోకి రాయడం ముందు. రెండు చోట్లా విడి ఫైల్ తీసేయడమే చివరి అడుగు. ఏ క్షణంలో ఎవరు చూసినా అబద్ధపు విలువ కనిపించకూడదు, ఈ వరుసలు రెండూ ఆ ఒక్క నియమం నుంచి వచ్చినవే. రివ్యూలో మీరు వెతకాల్సింది అలాంటి నియమాన్ని. అది దొరికితే పన్నెండు లైన్లనూ దాని పక్కన పెట్టి చూడటం తేలిక.

అబద్ధపు విలువ వల్ల వచ్చే నష్టాన్ని కూడా లెక్కగట్టాలి. లేకపోతే ఇంత పట్టుదల ఎందుకని మీకే అనిపిస్తుంది. ప్యాక్డ్ ఫైల్‌లో మిగిలిన పాత విలువ చూపించే కమిట్ ఇప్పటికే తుడిచిపెట్టుకుపోయి ఉండొచ్చు. ఎవరూ ఆ విలువను చూడరన్న భరోసాతోనే గిట్ దాన్ని అక్కడ వదిలేసింది. దాన్ని బయటపెడితే విరిగిన రెఫరెన్స్ అనే ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ వస్తే నయమే, కనీసం అనుమానం పుడుతుంది. కమిట్ బతికే ఉంటే ఏమీ తెలియకుండా ఎవరో దాని మీద పని మొదలుపెడతారు. ఆ బ్రాంచ్ తాజా కమిట్లను ఈలోపు ఏదీ పట్టుకుని ఉండకపోవచ్చు. ఏ బ్రాంచీ, ఏ రెఫ్‌లాగూ పట్టుకోని కమిట్లకు గిట్ మామూలుగా ఇచ్చే గడువు రెండు వారాలు. ఆ తర్వాత గార్బేజ్ కలెక్షన్ వాటిని ఊడ్చేస్తుంది. వెర్షన్ కంట్రోల్ మీద జనం పెట్టుకున్న నమ్మకమంతా ఒక్క మాట మీద నిలబడి ఉంటుంది: ఒకసారి కమిట్ చేసింది పోదు. ఆ భాగాన్ని రివ్యూ చేస్తున్న మనిషి చేతిలో ఎవరెవరి రాత్రింబవళ్ల కష్టమో ఉంది. దాన్ని పది నిమిషాల్లో తేల్చేయడం నాకు మనసొప్పని పని.

సరే, తప్పు కనబడింది. చెప్పడం ఎలా? మన ఆఫీసుల్లో అసలు ఇబ్బంది ఇక్కడే ఎదురవుతుంది. రాసినవారు పెద్దవారైతే నోరు పెగలదు, చిన్నవారైతే నోరు అదుపులో ఉండదు. రెండింటికీ మందు ఒకటే. వారు రాసిన కోడ్ ఎలా ఉందన్న తీర్పు పక్కనబెట్టి, మీరు చూసిన దృశ్యాన్ని వర్ణించండి. "ఈ వరుస తప్పు" అంటే వాదన మొదలవుతుంది. దాని బదులు ఇలా రాయండి: "సర్, విడి ఫైల్ పోయాక, ప్యాక్డ్ ఫైల్ తిరిగి రాసేలోపు ఇంకో ప్రాసెస్ ఈ బ్రాంచ్‌ని చదివితే పాత విలువ వస్తుందనుకుంటున్నాను. రెండు అడుగుల మధ్య ఆపి చూశాను, నాకు మొదటి కమిట్ చూపించింది. ముందు ప్యాక్డ్‌లోంచి తీసేస్తే ఈ సందు ఉండదేమో, చూడండి." ఇందులో బెరుకూ లేదు, దురుసూ లేదు. అవతలివారు అదే ప్రయోగం చేసుకుని మీ మాట నిజమో కాదో తేల్చుకోవచ్చు. వారికి మీరు తప్పనిపిస్తే దాన్ని చూపించే దారి కూడా ఇచ్చారు. అన్నా అని పిలిచే చనువున్నవారికైనా, నిన్న చేరిన ట్రైనీకైనా ఇదే పద్ధతి పనికొస్తుంది.

ఇంకోటి. మీ కామెంట్లలో ఏది మార్చితీరాలో, ఏది ఉత్త సందేహమో, ఏది మీ అభిరుచో విడివిడిగా చెప్పండి. వేరియబుల్ పేరు గురించి నాలుగు కామెంట్లు, వరుస గురించి ఒకటి ఒకే గొంతుతో రాస్తే, అవతలివారు నాలుగు పేర్లు మార్చి ఐదోదాన్ని మరిచిపోతారు.

టెస్ట్ దగ్గరికి వద్దాం. ఫిక్స్‌ని వెనక్కి తీసేసి, టెస్ట్‌ని మాత్రం ఉంచి నడపడం తప్పనిసరి. అది ఫెయిలవ్వాలి. ఫెయిలైతే చాలదు, ఏ లైను దగ్గర ఫెయిలైందో చదవండి. పాత బ్రాంచ్ బతికుందని చెప్పి ఫెయిలైతే సరి. సెటప్‌లో ఏదో కమాండ్ దొరక్క ఫెయిలైతే ఆ టెస్ట్ మన బగ్‌ని చూడనే లేదు. గిట్ సొంత టెస్టుల్లో బ్రాంచ్ కమాండ్‌కి ఒక పెద్ద స్క్రిప్టే ఉంది, టీ3200 అనే నంబరుతో. ఇలాంటి పనిలో ఉన్నవారు ఒక ఆదివారం దాన్ని కూర్చుని చదవాలని నా కోరిక. బ్రాంచ్ పేరు మార్చడం అన్న ఒక్క పనికే ఎన్ని మూలలున్నాయో అందులో తెలుస్తుంది.

టెస్ట్ ఎలా చూస్తోందన్నదీ ముఖ్యమే. బ్రాంచ్ పోయిందో లేదో తెలుసుకోవడానికి హెడ్స్ ఫోల్డర్‌లో ఫైల్ ఉందా అని చూస్తే అది డొల్ల టెస్ట్. మనం పుట్టించిన బగ్‌లో ఫైల్ లేదు, బ్రాంచ్ మాత్రం ఉంది! పైగా 2024 ఏప్రిల్‌లో వచ్చిన 2.45 వెర్షన్ నుంచి గిట్‌లో రెఫ్‌టేబుల్ అనే మరో నిల్వ పద్ధతి ఉంది. అందులో బ్రాంచీకో ఫైల్ ఉండదు. కాబట్టి టెస్ట్ ఫైళ్లను తడమకుండా, సాధనాన్నే అడగాలి: ఈ పేరుతో బ్రాంచ్ ఉందా, ఉంటే ఎక్కడుంది?

ఆ తర్వాత ఇరుగుపొరుగు. కారణం తెలిసింది కాబట్టి అదే కారణం ఇంకెక్కడ దాగుందో వెతకండి, అంతకుమించి ఊరంతా తిరగొద్దు. పేరు మార్చడమంటే లోపల కొత్త పేరు పెట్టి పాతది తీసేయడమే. అది కూడా ఈ డిలీట్ ఫంక్షన్‌నే పిలుస్తోందా, సొంతంగా విడి ఫైల్‌ని తీసేస్తోందా? ఫెచ్‌ని ప్రూన్ ఆప్షన్‌తో నడిపితే రిమోట్‌లో లేని బ్రాంచీల గుర్తులన్నీ ఒక్కసారిగా పోతాయి. క్లోన్ చేసినప్పుడు ఆ గుర్తులు మొదటే ప్యాక్ అయి ఉంటాయి కాబట్టి అక్కడ ఈ బగ్‌కి అనువైన నేల సిద్ధంగా ఉంది. వీటిని తప్పక చూడాలి. విండోస్‌లో, మ్యాక్‌లో మామూలుగా చిన్నబడి పెద్దబడి అక్షరాల తేడా ఫైల్ సిస్టమ్ పట్టించుకోదు. 2015లో 2.5 వెర్షన్‌తో వచ్చిన వర్క్‌ట్రీల వల్ల ఒక బ్రాంచ్ ఇంకో ఫోల్డర్‌లో తెరిచి ఉండొచ్చు. బ్రాంచీల కోడ్‌లో ఇవి పాత గుంటలే, కానీ మన కారణంతో వాటికి సంబంధం లేదు. గమనిస్తే విడిగా నమోదు చేయండి, ఈ ఫిక్స్ నెత్తిన రుద్దకండి. రివ్యూయర్ అత్యుత్సాహం వల్ల పన్నెండు లైన్ల ఫిక్స్ మూడొందల లైన్లై, మూడు నెలలు మూలనపడితే ఈలోపు వాడకందారు అదే బగ్‌తో బతకాలి.

కమిట్ మెసేజ్‌ని చాలామంది రివ్యూలో లెక్కలోకి తీసుకోరు. నాకైతే కోడ్ కంటే ముందు అదే కావాలి. "బ్రాంచ్ డిలీట్ బగ్ సరిచేశాం" అని ఉంటే వెనక్కి పంపండి. సర్దిన తర్వాత కదిలిన బ్రాంచ్‌కి రెండు చోట్ల విలువలుంటాయని, డిలీట్ వాటిలో ఒక్కదాన్నే తీసేసేదని, ఇప్పుడు ప్యాక్డ్‌లోంచి ముందు ఎందుకు తీస్తున్నామో రాయమనండి. రెండేళ్ల తర్వాత ఎవరో ఈ ఫంక్షన్‌ని శుభ్రం చేస్తూ, రెండు లైన్లు అటూ ఇటూ మార్చితే ఏం పోతుందిలే అనుకుంటారు. బ్లేమ్ కమాండ్ నడిపినప్పుడు వారిని ఆపేది ఆ మెసేజ్ ఒక్కటే. అలాగే ఫిక్స్ ఏ వెర్షన్ మీద కట్టారో చూడండి. బగ్ పాత రిలీజ్‌లో కూడా ఉంటే, ఫిక్స్ దాని మీద కూర్చునేలా ఉండాలి. గిట్ ప్రాజెక్ట్‌లోనూ బగ్ ఫిక్సుల విషయంలో అడిగేది ఇదే.

కొన్నాళ్లకు రెండో వెర్షన్ వస్తుంది. మొదటినుంచి మళ్లీ చదవాల్సిన పని లేదు. 2018లో 2.19తో వచ్చిన రేంజ్-డిఫ్ కమాండ్ పాత ప్యాచ్‌కీ కొత్త ప్యాచ్‌కీ మధ్య ఏం మారిందో చూపిస్తుంది. వరుస మారిందా, లాక్ తీసుకున్నారా, లాక్ దొరక్కపోతే విడి ఫైల్‌ని ముట్టుకోకుండా వెనక్కి వస్తున్నారా, ఈ మూడు చూడండి. మొదటిసారి చేసిన ప్రయోగాన్నే మళ్లీ చేయండి. ఈసారి రెండు అడుగుల మధ్య ప్రోగ్రామ్‌ని ఆపేసి బ్రాంచ్‌ని అడిగితే సరైన కమిటే రావాలి.

వస్తే, అప్పుడు సంతకం. గిట్‌లో "రివ్యూడ్-బై" అన్న లైనును ఎవరిది వారే ఇవ్వాలి, మరొకరు వారి తరఫున చేర్చడానికి వీల్లేదు. మీ టీమ్‌లో అలాంటి నియమం లేకపోయినా ఆ స్ఫూర్తితోనే రాయండి, ఉత్త "బాగుంది"తో సరిపెట్టకండి. "ఫిక్స్ లేకుండా బగ్ పుట్టింది, ఉంటే పుట్టలేదు. రెండు అడుగుల మధ్య ఆపి చూశాను, సరైన విలువే వచ్చింది. పేరు మార్చడం, ప్రూన్ ఈ ఫంక్షన్ గుండానే వెళ్తున్నాయి. విండోస్ మీద నడిపి చూడలేదు, ఆ సంగతి తెలిసినవారు ఎవరైనా ఒకసారి చూడగలరు." ఇలా రాస్తే, ఆ ఆఖరి వాక్యం చదివి విండోస్ మెషీన్ ఉన్న సహోద్యోగి ఒకరు ముందుకు రావచ్చు.